ముగ్గురుంటే కోరం

ఖదీర్ భాయ్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను తగినవాణ్ణి కాను. వెలిమెలలో ప్లాట్లు అమ్ముకునేవాణ్ణి. నా నోట వచ్చే మాటల్లో సగం "రోడ్డు ఫేసింగ్", మిగతా సగం "లాస్ట్ రేటు". అయినా జరిగింది నాకు తెలుసు. నాతోపాటు తెలిసిన మరో మనిషి తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆమె ఎలాగూ రాయదు.

ఇస్నాపూర్ నుంచి పాశమైలారం పోయే దారిలో ఖదీర్ భాయ్ ధర్మకాంటా నడుపుతాడు. లారీలను తూచే కాంటా అన్నమాట. ఖాళీ లారీ వచ్చి ఇనుప పలకల మీద నిలబడితే ఆయన కిటికీలోంచి చూసి చీటీ ఇస్తాడు. సరుకు నింపుకుని మళ్లీ వస్తే మళ్లీ చీటీ. ముప్పై మూడేళ్లుగా అదే పని. కాంటా యజమానులు ముగ్గురు మారారు, ముల్లు పోయి కంప్యూటర్ అంకెలొచ్చాయి, కిటికీలో మనిషి మాత్రం మారలేదు. పొట్టిగా, తెల్ల గడ్డంతో ఉంటాడు. ఇప్పుడు అరవై నాలుగేళ్లు. లారీ హారన్ల పుణ్యమా అని ఎడమ చెవి సరిగా వినపడదు.

"చాచా, జెర యాభై కిలోలు ఎక్కువ రాయి" అని డ్రైవర్లు బతిమాలుతుంటారు.

"లారీల ఇంకో యాభై కిలోలు ఏసుకొని రా, రాస్త" అంటాడు ఆయన. కోపం ఉండదు. అందుకే వాళ్లకు ఇంకా మంట.

ఈయన రాజకీయాల్లోకి రావడం ఓ కోర్టు కేసుతో మొదలైంది. పదమూడేళ్ల కిందట ఓ ఫ్యాక్టరీ, దాని పేరెందుకులెండి, రసాయనపు నీళ్లను ట్యాంకర్లతో తీసుకుపోయి వాగులో కలుపుతోందని ఊళ్లవాళ్లు కేసు వేశారు. ఆ ట్యాంకర్లు నిండుగా పోయి అరగంటలో ఖాళీగా తిరిగి రావడం కాంటా చీటీల్లో ఉంది. ఊళ్లవాళ్ల తరఫు వకీలు సునీల్‌కుమార్ సారు ఖదీర్ భాయ్‌ని సాక్షిగా సంగారెడ్డి కోర్టుకు పిలిపించాడు.

"ట్యాంకర్‌లో ఉన్నది విషపు నీళ్లే కదా?" అని అడిగాడు.

"నాకు తెల్వదు సాబ్. పదకొండు టన్నులున్నయని తెల్సు."

"వాసన రాలేదా?"

"వచ్చింది. పటాన్‌చెరుల వాసన రాని దినం ఏది సాబ్?"

కోర్టంతా నవ్వింది. కేసు బలహీనపడింది. ఇంకొకడైతే ఆ సాక్షి మొహం మళ్లీ చూసేవాడు కాదు. సునీల్‌కుమార్ సారు మాత్రం ఆయన్ని బయటికి తీసుకొచ్చి ఇరానీ చాయ్ తాగించి, "నేనొక పార్టీ పెడుతున్న. దాని పుస్తకం రాయడానికి నీ అసొంటోడే కావాలె" అన్నాడు. అప్పట్లో సారు నిజంగా మంచివాడు. ఆ మాట ఇప్పుడు చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ, అది నిజం.

పార్టీ పేరు ఉదార పౌర పక్షం. రెండు వేల పద్నాలుగులో పుట్టింది. పేరు మీరు విని ఉండరు. మా వీధివాళ్లే వినలేదు. మనిషి తినేది, మొక్కేది, పెళ్లి చేసుకునేది, మాట్లాడేది అతని ఇష్టం; సర్కారైనా కులమైనా మతమైనా ఫ్యాక్టరీ అయినా అందులో వేలు పెట్టకూడదు అన్నది మా సిద్ధాంతం. పార్టీ రిజిస్టర్ కావాలంటే వంద మంది ఓటర్లు అఫిడవిట్లు ఇవ్వాలి. ముప్పై ఏడు ఖదీర్ భాయ్ ఒక్కడే తెచ్చాడు, కాంటా దగ్గర వరసలో నిలబడ్డ వాళ్ల నుంచి. "చాచా చెప్తే సంతకం పెట్టనా?" అన్నవాళ్ల చేతిలోంచి కాగితం వెనక్కి లాక్కునేవాడు. చదివి పెట్టేవాడే కావాలి ఆయనకు. అలా లాక్కోకపోతే ఆయన ఒక్కడే నూరు దాటించేవాడు.

నేనప్పుడు పైపుల కంపెనీలో కాంట్రాక్టు సూపర్‌వైజర్ని. పొద్దంతా ఎవడి మీదో అరవడం, ఎవడి చేతో అరిపించుకోవడం. మా పార్టీ మీటింగుల్లో ఎవరూ అరిచేవాళ్లు కారు. నేను చేరింది దానికే. సిద్ధాంతం తర్వాత అర్థమైంది.

నియమావళి నలభై పేజీలు. అంతా సారు రాసిందే. అందులో మూడు సంగతులు చెబితే చాలు. ఒకటి, ఏ సభ పెట్టినా మొదటి అరగంట మైకు మమ్మల్ని వ్యతిరేకించే వాళ్లది. దాన్ని మేం వ్యతిరేకి అరగంట అనేవాళ్లం. రెండు, ఏ నిర్ణయమైనా రహస్య ఓటుతోనే. ఎవరు ఎటు వేశారని ఎవరూ ఎవర్నీ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. మూడు, కార్యవర్గ సభకు కనీసం ముగ్గురుండాలి. ఆ కనీస సంఖ్యనే కోరం అంటారు. ముగ్గురు లేకుండా చేసిన తీర్మానం చెల్లదు.

ఆ వ్యతిరేకి అరగంట మా కొంప ముంచింది. రెండు వేల పద్దెనిమిది ఎన్నికల్లో క్రేన్ ఆపరేటర్ బాలరాజ్‌ను నిలబెట్టాం. గుర్తు కుట్టుమిషను. ఓ కాలనీలో రెండు వందల కుర్చీలు వేసి సభ పెట్టాం, కుర్చీలు నిండాయి కూడా. నియమం ప్రకారం మైకు అవతలి పార్టీ మనిషికిచ్చాం. ఇరవై తొమ్మిది నిమిషాలు మాట్లాడి, ముప్పయ్యో నిమిషంలో, "అన్నలారా అక్కలారా, పక్క గల్లీలో బిర్యానీ తయారున్నది" అన్నాడు. ఇంకేముంది! బాలరాజ్ మైకు పట్టుకునేసరికి ఎదురుగా తొమ్మిది మందిమి మిగిలాం, అందరం మా వాళ్లమే. పిలిచి పిల్లనిచ్చినట్టు పిలిచి మైకిచ్చాం మరి. ఖదీర్ భాయ్ మాత్రం పుస్తకంలో "వ్యతిరేకి అరగంట సక్రమంగా పాటించడమైనది" అని రాసుకున్నాడు. బాలరాజ్‌కు మూడు వందల ఎనభై ఆరు ఓట్లు వచ్చాయి.

మరుసటి ఏడు సునీల్‌కుమార్ సారు పెద్ద పార్టీలో కలిసిపోదామని తీర్మానం పెట్టాడు. తొమ్మిది మంది అవునన్నారు, ఎనిమిది మంది కాదన్నారు. కలవాలంటే మూడింట రెండొంతులు కావాలి, అది సారు స్వయంగా రాసిన వాక్యం. తీర్మానం వీగిపోయింది. సారు లేచి, పుస్తకాన్ని కుర్చీలో పెట్టి, మరో ఎనిమిది మందిని వెంటేసుకుని పోయాడు. నెల తిరక్కుండా మెడలో కండువా పడింది. కుర్చీలోని పుస్తకాన్ని ఖదీర్ భాయ్ తీసుకుని, "సభ ముగిసింది" అని రాసి, టైము వేశాడు.

మిగిలిన ఎనిమిది మందిలో నేనూ ఉన్నాను. మరో ఏడాది వచ్చాను. ప్లాట్ల బేరాలు ఆదివారమే ఉంటాయి, మీటింగూ మొదటి ఆదివారమే. ఒకసారి రాలేదు, రెండుసార్లు రాలేదు, ఆపైన మానేశాను. రాజీనామా రాయడానికి కూడా తీరిక చేసుకోలేదు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసే రవళి కూడా అంతే. ఆ పిల్ల మా అందరిలోకీ బాగా మాట్లాడేది. పెళ్లయింది, జీతం పెరిగింది, తెల్లాపూర్‌కు మారింది.

మిగతావాళ్లు రాజీనామాలు రాసిచ్చి పోయాక చివరికి ముగ్గురే మిగిలారు. ఖదీర్ భాయ్, ఆయన భార్య అనీస్ బేగం, బాలరాజ్. వాళ్ల మధ్య కూడా రహస్య ఓటే! ముగ్గురికి రహస్యమేమిటండీ అని నవ్వకండి, నేనూ నవ్వాను. ఒకసారి ఏదో విషయంలో రెండుకు ఒకటి వస్తే, "వదినా, ఆ ఒక్కటి నువ్వేనా?" అన్నాడట బాలరాజ్ సరదాగా. ఖదీర్ భాయ్ పెన్ను కింద పెట్టి, "ఇంకోసారి అడిగినవంటే సభ ఆపేస్త" అన్నాడట. అనీస్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందట.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అనీస్ బేగం పోయింది. నేను పోలేదు. ఎవరూ పోలేదు, పోనిచ్చే రోజులు కావవి. అలా అనుకుని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. తర్వాతైనా పోవచ్చు కదా? పోలేదు. బాలరాజ్ పని వెతుక్కుంటూ బొంతపల్లికి మారిపోయాడు. అప్పటినుంచి నాలుగేళ్లు ప్రతి నెలా మొదటి ఆదివారం పదకొండింటికి ఖదీర్ భాయ్ కాంటా వెనక గదిలో ఒక్కడే కూర్చుని, పుస్తకం తెరిచి, "కోరం లేదు. వాయిదా." అని రాస్తూ వచ్చాడు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం నా సైట్ ఆఫీసు ముందు ఆయన ఎక్సెల్ బండి ఆగింది. ఇస్నాపూర్ నుంచి వెలిమెలకు ఆ బండి మీద వానలో వచ్చాడు. ఫ్లెక్సీ ముక్కలో చుట్టిన కవరొకటి తీసి ఇచ్చాడు. ఎన్నికల వాళ్ల నోటీసు. ఆరేళ్లుగా మీ పార్టీ ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు, జాబితాలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పండి, ఫలానా తేదీన హాజరు కండి అని దాని సారాంశం.

"తీసేస్తే తీసేయనీ భాయ్," అన్నాను. "ఇన్నేండ్లు ఎవలు యాది జేసిన్రు?"

"తీసేసుడు వాళ్ల పని. జవాబు రాసుడు మన పని. ఏం రాయాలెనో సభల తేలాలె. సభకు ముగ్గురు గావాలె."

"నువ్వే రాయి. నా సంతకం గూడ నువ్వే పెట్టు. నేను వచ్చిన అని చెప్త."

ఆయన నా మొహం చూసి, "లారీ రోడ్డు మీద నిలవడి, బరువు రాసుకో అంటే నేను రాస్తనా శివా?" అన్నాడు. తర్వాత తుడుచుకున్న గడ్డాన్నే మళ్లీ తుడుచుకున్నాడు. "ఎవ్వలు రాలే, అందుకే పార్టీ పోయింది అని పుస్తకంల ఉండొద్దు. ఉంటే ఉండాలె, పోతే పోవాలె, గాని మనుషులు కూసొని అనాలె. నువ్వు రాజీనామ ఇయ్యలే. నీ పేరు ఇంక రిజిస్టర్ల ఉన్నది."

సిగ్గు వేసింది. సిగ్గు కన్నా ముందు చిరాకు వేసింది, నిజం చెప్పాలి కదా. ఆ వానలో ఆయన్ని మళ్లీ బండి మీద పంపడానికి మనసొప్పక కారెక్కించాను. మూడో మనిషి కోసం ముందు బొంతపల్లి పోయాం.

బాలరాజ్ వీరభద్రుడి గుడికి ఇవతల రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. ఖదీర్ భాయ్‌ని చూడగానే కాళ్లకు అడ్డం పడ్డంత పని చేశాడు. చాయ్ పెట్టించాడు. నోటీసు సంగతి విని తల వంచుకున్నాడు. గోడకు ఓ మేకు, మేకుకు ఓ కండువా.

"అన్నా, కొడుకు ఈడి కంపెనీల కాంట్రాక్టు మీద జేస్తుండు. పర్మనెంటు జేపిస్త అన్నడు ఈడి లీడరు. నేను బూత్ కాడ కూసుంటున్న ఆయన దిక్కు. రెండు పార్టీలల్ల ఉండొద్దని మన పుస్తకంలనే ఉన్నది గద."

"ఉన్నది," అన్నాడు ఖదీర్ భాయ్.

"తప్పువడితే తప్పువట్టు అన్నా."

"తప్పేంది? నీ ఇష్టం నీది. మనం జెప్పిందే గది గద."

చాయ్ పూర్తిగా తాగి లేచాడు. కారెక్కి పెద్ద రోడ్డు పడ్డాం. తర్వాత, "బాలరాజ్ సన్నవడ్డడు" అన్నాడు అంతే.

తెల్లాపూర్‌లో గేటు దగ్గర ఆపారు. ఒడిశా కుర్రవాడెవరో కాపలా. ఖదీర్ భాయ్ ఫోటో ఫోన్లో తీసి పైకి పంపి, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చేదాకా పక్కన నిలబడమన్నాడు. మునిసిపాలిటీ అంత పెద్ద కోట అది. ఆయన తలెత్తి అంతస్తులు లెక్కపెడుతూ నిలబడ్డాడు. నలుగురు డెలివరీ వాళ్లు ఆయన్ని దాటుకుని లోపలికి పోయారు. పావుగంటకు రవళి తానే కిందికి దిగి వచ్చింది. ఆయన్ని చూసి మాట్లాడబోయి, ఏడ్చేసింది.

"ఆంటీ పోయినప్పుడు నేను రాలేదు అంకుల్. ఫోన్ గూడ జెయ్యలే. ఏమని జెయ్యాలెనో తెలువలే."

"ఆమె నిన్ను మస్తు యాది జేసేది బేటా," అన్నాడాయన. ఆ మాటతో రవళి ఇంకా ఏడ్చింది. ఆదివారం తప్పకుండా వస్తానంది. ముగ్గురం అయ్యాం.

ఆ ఆదివారం కాంటా వెనక గది ఊడ్చి ఉంది. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద పుస్తకం. సరిగ్గా పదకొండింటికి ఆయన, "సభ మొదలైంది. ముందుగాల వ్యతిరేకి అరగంట" అన్నాడు. మమ్మల్ని వ్యతిరేకించేవాళ్లు ఎవరున్నారు గనుక? తలుపు తెరిచి పెట్టాడు. ముగ్గురం అరగంట మాటల్లేకుండా కూర్చున్నాం. మధ్యలో ఓ సిమెంటు లారీ వస్తే పోయి తూచి వచ్చాడు. తెరిచిన తలుపులోంచి బురద దారి, అవతల ఫ్యాక్టరీ గోడ కనబడుతున్నాయి. నాకు ఉన్నట్టుండి తట్టింది. ఈ మనిషి నాలుగేళ్లుగా ప్రతి నెలా ఈ అరగంట కూడా పాటించాడు. ఒక్కడే, ఈ తలుపు తెరుచుకుని. రవళి వైపు చూస్తే ఆమె నేల చూస్తోంది. ఆమెకూ అదే తట్టిందనుకుంటాను.

పదకొండున్నరకు నోటీసు చదివాడు. ఇప్పుడు చేయగలిగింది రెండే అన్నాడు. పార్టీ కొనసాగుతుందని జవాబు రాయడం, లేదా పార్టీని ముగిస్తున్నామని తీర్మానించి పంపడం. సభాధ్యక్షుడు తన అభిప్రాయం చెప్పకూడదు గనుక ఆయన చెప్పలేదు. మేం చెప్పాం. రవళి పాత రవళిలాగే మాట్లాడింది. ఇలాంటి రోజుల్లోనే ఇలాంటి పార్టీ కావాలని, మూడు వందల ఎనభై ఆరు మంది ఓటేశారు కదా, వాళ్లకేం చెబుతామని అడిగింది. నేనూ ఏదో అన్నాను. ఆయన వింటూ మధ్య మధ్య రాసుకున్నాడు. ఆ మొహం వెలుగుతోందనుకున్నాను.

"కొనసాగిద్దమంటే వచ్చే నెల గూడ రావాలె," అన్నాడు చివర్న. "ఎన్నికలల్ల ఎవలన్న నిలవడాలె. మీరు వస్తరా?"

"చూద్దాం భాయ్," అన్నాను.

"ట్రై జేస్త అంకుల్. వీకెండ్స్ జెర కష్టం," అంది రవళి.

ఆయన తలూపాడు. కాంటా చీటీ వెనకవైపు మూడు ముక్కలు చింపి, కొనసాగాలంటే గీత, ముగించాలంటే సున్నా పెట్టమన్నాడు. అక్షరాలు రాస్తే దస్తూరి తెలిసిపోతుందని ఆ ఏర్పాటు. ఒకరి తర్వాత ఒకరం గోడవైపు తిరిగి పెట్టి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేశాం.

నేను గీత పెట్టాను. పార్టీ కోసం కాదు. ఆయన కోసం. భార్య లేదు, కూతురు సమీరా జహీరాబాద్‌లో తన సంసారంలో తానుంది, ఉన్నది ఈ ఒక్క పుస్తకం. దాన్ని నా చేత్తో ఎలా మూస్తాను?

ఆయన డబ్బా వంచి ఒక్కో చీటీ విప్పాడు. గీత. సున్నా. గీత.

"రెండుకు ఒకటి. పార్టీ కొనసాగుతది," అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి, టైము వేశాడు. మాకు చాయ్ తెప్పించాడు. రవళి వైపు చూడాలంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఆమె కూడా నా మొహం చూడటం లేదు, ఎందుకో అర్థం కాలేదు.

రవళిని తెల్లాపూర్‌లో దింపడానికి కారులో ఎక్కించుకున్నాను. రింగురోడ్డు ఎక్కేదాకా ఓర్చుకున్నాను.

"గంత మంచిగ మాట్లాడి, సున్నా ఎట్ల పెట్టినవమ్మా? ఆ మనిషి ముందట కూసోని?"

"నేనా?" అంది ఆమె. "నేనెందుకు పెడ్త శివన్నా? నేను నువ్వే అనుకొని అప్పటిసంది నీ మొకం సూస్తలేను."

"నేను గీత పెట్టిన. నా పిల్లల మీద ఒట్టు."

"నేను గూడ గీతనే. ఆంటీ మీద ఒట్టు."

కారు పక్కకు తీసి ఆపాను. లారీలు ఊపేస్తూ దాటిపోతున్నాయి. ఇద్దరం గీతలే పెట్టామంటే ఆ సున్నా ఖదీర్ భాయ్‌దే. పార్టీని ముగించాలని ఓటేసింది ఆయన. మేం బతికించాం, ఆయన మీద జాలితో.

నాకప్పుడు ఆయన వానలో వచ్చి అన్న మాటలన్నీ ఒకటొకటే కొత్తగా వినపడ్డాయి. కొనసాగాలని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఉంటే ఉండాలె, పోతే పోవాలె, మనుషులు కూసొని అనాలె అన్నాడు. నాలుగేళ్లు ఆ గదిలో కూర్చుని అలిసిపోయిన మనిషి. తానే పుస్తకం మూసేసి పోవచ్చు, అడిగే దిక్కు లేదు. కానీ ఒక్కడు మూస్తే అది చెల్లదు. దించుకోవడానికి మరో ఇద్దరి చేతులు కావలసి, వానలో తడిసి మా గుమ్మాలెక్కాడు. మేం వచ్చి ఆ బరువును మళ్లీ ఆయన నెత్తినే సర్ది, చాయ్ తాగి, కారెక్కి వచ్చేశాం.

"వెనకకు పోదాం శివన్నా," అంది రవళి.

"పోయి ఏమందాం? నీ ఓటు ఏందో మాకు తెల్సిపోయింది అందామా?"

ఆ మాట అంటే ఆయన పెన్ను కింద పెట్టేస్తాడని ఇద్దరికీ తెలుసు. పోలేదు.

హైదరాబాద్‌లో విచారణకు ఖదీర్ భాయ్ ఒక్కడే బస్సులో పోయాడు. రెండున్నర గంటలు వరండాలో కూర్చోబెట్టి అయిదు నిమిషాలిచ్చారట. పార్టీ ఎందుకు ఉండాలో రవళి మాట్లాడిందంతా, రాసుకున్నది రాసుకున్నట్టు చదివాడట. వద్దని ఓటేసిన మనిషి, మెజారిటీ కావాలంది గనుక, కావాలని అయిదు నిమిషాలు వాదించి వచ్చాడు. వాళ్లు విని, వచ్చే ఎన్నికలో పోటీ చేస్తామని రాసిస్తే చూస్తామన్నారట. రాసిచ్చాడు. అభ్యర్థి ఎవరని అడిగాను ఫోన్లో.

"నేనే," అన్నాడు. "ఇంకెవలున్నరు?"

ఎన్నికకు నిలబడి ఈ వయసులో గల్లీ గల్లీ తిరిగి, కుర్చీలేసి, ముందు మైకు అవతలివాడి చేతికిచ్చి! సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాను. ధైర్యం చేసి అన్నాను, "భాయ్, మళ్ల సభ వెట్టి ఓటు దీసుకుందామా? ఆలోచన మారొచ్చు గద మనుషులకు."

అవతల లారీ ఇంజన్ వినపడింది. "మారొచ్చు," అన్నాడు. "నియమంల ఉన్నది. మళ్ల ఓటు పెట్టొచ్చు, కోరం ఉంటే." ఆ చివరి మాట కొంచెం ఆగి అన్నాడు. అడుక్కునే మనిషి కాదాయన. అంతకన్నా ఎక్కువ అడగలేడు.

తర్వాత వచ్చిన మొదటి ఆదివారం రవళి అత్తగారి ఊళ్లో పెళ్లి. దాని తర్వాతి నెల మొదటి ఆదివారం దుబాయి నుంచి వచ్చిన పార్టీ ఒకటి నాలుగు ప్లాట్లు ఒకేసారి చూస్తామంది, పదకొండింటికే. మూడోసారి రవళి, "శివన్నా, నువ్వు పోతున్నవా?" అని మెసేజ్ పెట్టింది. "నువ్వు?" అని పెట్టాను. ఇద్దరం ఒకరి జవాబు కోసం ఒకరం చూస్తుండగానే పన్నెండైంది.

ఇది రాస్తున్నది కూడా మొదటి ఆదివారమే. పదకొండుంబావు అయింది. ఆ తలుపు తెరిచి ఉంటుంది, ఆయన వ్యతిరేకి అరగంటలో ఉంటాడు. నా సైట్ ఆఫీసు నుంచి అక్కడికి కారులో నలభై నిమిషాలు. ఆయనకు విడుదల కావాలంటే మేమిద్దరం ఒక్క పూట పోయి ఆ బల్ల ముందు కూర్చుని చెరో సున్నా పెడితే చాలు. అంతకు మించి మమ్మల్ని ఆయన ఏమీ అడగలేదు. ఆయన మాత్రం సున్నా పెట్టి కూడా, మా గీతల తరఫున ఇంకా కూర్చునే ఉన్నాడు.